పురుగుకు ఏ ఊరి పేరు?

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి కన్నా రెండోసారి తక్కువ అర్థమయింది. మూడోసారి కూర్చోబెడితే వచ్చిన అక్షరాలు కూడా పోతాయేమోనని భయపడి మా నాయన బడి మాన్పించాడు. అంత చదువుతో నాకు సైన్సు ఉద్యోగం దొరికింది. పొలాల్లో ఎలుకలు పట్టడం. పోటీకి ఎవడూ రాలేదు కాబట్టి దొరికింది. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మావాళ్ళు "పిలగాడు పరిశోధనల ఉన్నడు" అని చెప్పారు. తుర్కయంజాల్ పిల్ల నమ్మి చేసుకుంది. కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున గడప పక్కన బోను, బోనులో పందికొక్కు చూసి, "గిదేనా పరిశోధన?" అంది. ఇంట్లో నా మాట విలువ ఆ రోజే ఖాయమైపోయింది.

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో, బెజవాడ రోడ్డును ఆనుకుని ఒక కిరాయి ఇల్లు. బయట పెద్ద పేరుతో బోర్డు ఉండేది గానీ జనం ఎలుకల ఆఫీసు అనేవాళ్ళు. ఇప్పుడు అక్కడ నిలబడటానికి చోటు లేదు. అప్పుడు నాలుగు ఇళ్ళు దాటితే జొన్నచేలు, ఇంకాస్త పోతే వరిమళ్ళు. ఇవాళ ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సులు హారన్లు కొట్టే చోట నేను పొద్దుగూకే ముందు బోన్లు పెట్టి, కాల్చిన కుడుక ముక్క, అదే ఎండుకొబ్బరి, తగిలించి వచ్చేవాణ్ణి. ఎలుకకు కాల్చిన కుడుక వాసన తగిలితే ఇక ఆగదు. నాకు కూడా అంతే. అందుకని ఆఫీసువాళ్ళు ఇచ్చిన కుడుకలో ఎలుకల వాటా కొంచెం తగ్గేది.

ఆఫీసులో ఉండేది డాక్టరుగారు. గుంటూరు వైపు మనిషి. మనుషులకు మందివ్వడు, ఎలుకలకూ ఇవ్వడు. ఆయనకు కావలసింది ఎలుక మూత్రపిండంలో ఉండే పురుగు. పురుగంటే ఆయనకు కోపం.

"సూక్ష్మజీవి అనవోయ్. పురుగేమిటి, వంకాయలో ఉన్నట్టు!"

ఆ సూక్ష్మజీవి ఎలుకను ఏమీ అనదు. కిరాయిదారులా మూత్రపిండంలో కాపురం పెడుతుంది. ఎలుక ఉచ్చతో పాటు మడి నీళ్ళలోకి దిగి, నాట్లేసేవాళ్ళ కాలికి చిన్న గాయం ఉంటే అందులోంచి లోపలికి పోతుంది. ఒళ్ళు కాలే జ్వరం, పిక్కలు పట్టుకుంటే అరుపు, కళ్ళు పచ్చబడటం. మా ఆవిడ వాళ్ళ ఊళ్ళో దాన్ని నాట్ల జ్వరం అని ఊరుకునేవాళ్ళు.

డాక్టరుగారు మూత్రపిండం ముక్కను చిన్న గాజుగొట్టంలో వేసేవాడు. గొట్టంలో కుందేలు నెత్తురు తేరిస్తే పైకి తేలే నీళ్ళు, సీరం అంటారు, అది కలిపిన మేత ఉండేది. చీకట్లో దాచి వారాల తరబడి ఎదురుచూసేవాడు. ఒకసారి మైక్రోస్కోపులో నన్ను చూడనిచ్చాడు. నల్లటి ఆకాశం. అందులో వెండి దారాలు, కొనలు కొక్కెంలా వంగి, గిరగిరా మెలికలు తిరుగుతున్నాయి.

"సార్, గిది మా బామ్మర్ది పెండ్లి బారాత్ తీరుగున్నది."

"ఇవన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ రకాలు బోలెడు. ఏది ఏ రకమో కన్ను చెప్పలేదు" అన్నాడాయన. తెలిసిన ఒక్కో రకానికి దాన్ని గుర్తుపట్టే కుందేలు సీరం ఒకటి ఉంటుందట. పురుగును అందులో కలిపితే, సీరం గుర్తుపడితే దారాలన్నీ ఒకచోట చేరి ముద్ద కడతాయి. గుర్తుపట్టకపోతే దేని ఆట అది ఆడుతూనే ఉంటుంది.

"అంటే సుట్టాల లెక్క సార్. మనోళ్ళయితే మీద పడి కావలించుకుంటరు. కాకపోతే బిర్యానీ తిని పోతరు."

ఆయన అద్దంలోంచి కన్ను తీసి నా వైపు చూశాడు. "చదువుకుని ఉంటే బాగుపడేవాడివోయ్."

"చదువుకున్న సార్. రెండుసార్లు."

ఇంతలో అరవై తొమ్మిది వచ్చింది. ఆ ఏడంతా ఎక్కడ విన్నా ముల్కీ అన్న మాటే. ఇక్కడ పుట్టినవాడు ముల్కీ, బయటి నుంచి వచ్చినా పదిహేనేళ్ళు ఇక్కడ ఉన్నవాడు ముల్కీ, మిగతావాళ్ళు నాన్ ముల్కీ. ముల్కీలకు రావలసిన కొలువులు కోస్తావాళ్ళకు పోతున్నాయని పిల్లలు పుస్తకాలు పక్కన పడేసి రోడ్డెక్కారు. వాళ్ళ బాధ నిజమే. మా గల్లీలోనే పరీక్షలు పాసై ఊరికే అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఉన్నారు. ఊళ్ళో కాల్పులయ్యాయి. పొద్దున పోయి మళ్ళీ ఇంటికి రాని పిల్లలున్నారు. దాని మీద నేను పరాచికాలాడను. నేను చెప్పేది ఎలుకల సంగతి.

ఒకరోజు పొద్దున సైకిలు వెనక బోను కట్టుకుని వస్తుంటే బెజవాడ రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు, రాళ్ళ మీద పిల్లలు. వాళ్ళ లీడరు అల్మాస్‌గూడవాడు, కాలేజీలో చదువుతున్నాడు. మైకు అక్కర్లేని గొంతు.

"ఆగన్నా! బంద్ అని ఎర్కలేదా? ఏంది గది?"

"ఎలుకలు."

"ఎవని ఎలుకలు?"

"ఎవనివీ కావు తమ్మీ. పొలంల దొరికినయి. డాక్టర్ సాబ్‌కు తీస్కపోతున్న."

"గా గుంటూరాయనకేనా?" అని వాడు గుంపు వైపు తిరిగాడు. "అరె, ఇన్నరా? మన ఎలుకలను కోసెటందుకు గూడ మనోడు దొరకలేదంట!"

గుంపంతా షేమ్ షేమ్ అంది. షేమ్ నాకో, డాక్టరుగారికో, ఎలుకలకో తేలలేదు.

వెనక నుంచి ఒకడు, "గివి మన ఎలుకలే అని గ్యారెంటీ ఏంది? లారీలల్ల బియ్యం బస్తాలతోని ఒచ్చినయేమో" అన్నాడు.

లీడరు గడ్డం గోక్కున్నాడు. "ముల్కీ ఎలుకలయితే ఇడిచిపెట్టాలె. నాన్ ముల్కీ అయితే తీస్కపోయి కోసుకోమనున్రి."

నా నోరు ఊరుకోదు కదా. "తమ్మీ, పదిహేనేండ్లు ఉంటెనే ముల్కీ. ఎలుక బతికేదే ఒకటి రెండేండ్లు. గా లెక్కన లోకంల ఏ ఎలుకా ముల్కీ కాదు."

"ఈడ పుడితే? తండ్రి ముల్కీ అయితే కొడుకు ముల్కీ."

"ఎలుకలల్ల తండ్రి ఎవడో నువ్వు చెప్తవా తమ్మీ?"

దీని మీద వాళ్ళలో వాళ్ళకు చర్చ మొదలైంది. రాళ్ళ మీది నుంచి దిగి వేపచెట్టు నీడకు పోయి మరీ మాట్లాడుకున్నారు. ఒకడు బోను తలుపు దగ్గర ముఖం పెట్టి ఎలుకల ముఖకవళికలు పరిశీలిస్తూ చేతులు ఊరుకోక కొక్కెం కదిపాడు. తలుపు లేచింది. ఒక ఎలుక దూకి, రోడ్డు పట్టుకుని, తిన్నగా బెజవాడ దిక్కుకు ఉరికింది.

"సూసిన్రా! నాన్ ముల్కీ!" అని లీడరు అరిచాడు. చప్పట్లు, ఈలలు. ఆ ఏడాది గో బ్యాక్ అనకముందే తిరిగి వెళ్ళిపోయిన నాన్ ముల్కీ అదొక్కటే అనుకుంటాను. ఆ సంబరంలో నన్నూ, మిగిలిన ఎలుకల్నీ వదిలేశారు.

కథంతా ఆ మిగిలిన ఎలుకల్లో ఒకదానిది. కొన్ని వారాలు గడిచాక డాక్టరుగారు చెప్పుల్లేకుండా వరండాలోకి వచ్చాడు. ఆయన చెప్పులు మరిచిపోవడం అంతకుముందెప్పుడూ నేను చూడలేదు.

"ఏ సీరంలోనూ ముద్ద కట్టలేదోయ్. దీన్ని ఎవరూ గుర్తుపట్టడం లేదు."

"కొత్త రకమా సార్?"

"నోరు ముయ్యి. అలా అనకూడదు." అన్నాడు గానీ ఆయన ముఖం అదే అంటోంది. కొత్తదని తేల్చడం ఆయన చేతిలో లేదు. లోకంలో ఉన్న అన్ని రకాల సీరాలూ పెట్టుకున్న పెద్ద ల్యాబు సముద్రాల అవతల ఉంది. గొట్టంలో పురుగు బతికుండగా అక్కడికి చేరాలి. చేరి, కొత్తదని వాళ్ళంటే, మొదట ఏ చోట దొరికిందో ఆ ఊరి పేరు దానికి పెడతారు. అది వాళ్ళ ఆచారం.

"పట్టినోని పేరు పెట్టరా సార్?"

"పెట్టరు."

"జర ఆలోచించున్రి."

"పెట్టరోయ్!" తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "మా ఆవిణ్ణి, పిల్లల్ని గుంటూరు పంపించేశాను. రేపో మాపో నన్నూ పొమ్మంటారు. పోతాను. కానీ దీన్ని ఎప్పటికప్పుడు కొత్త మేతలోకి మార్చేవాడు లేకపోతే చచ్చిపోతుంది. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో నేనేం చేశానంటే చూపించడానికి నాకు ఇంకేం లేదు."

ఆయనకు బాధ, నాకు వార్త. ఇరానీ హోటల్లో చాయ్ చల్లారకముందే చెప్పేశాను. మన దగ్గరొక రోగం పురుగు దొరికింది, ప్రపంచంలో ఎక్కడా లేదు, మన ఊరి పేరు పెడతారు అని. చాయ్ తాగేవాళ్ళు రెండు పార్టీలయ్యారు. రోగానికి మన పేరా, ఎంత అవమానం అని కొందరు. అన్నీ వాళ్ళకే పోతున్నాయి, రోగమైనా మన పేరున ఉండనీయండని కొందరు. రెండో పార్టీదే గెలుపు.

మర్నాడు రోడ్డు మీద నన్ను ఆపిన గుంపు జెండాలతో ఆఫీసు ముందుకు వచ్చింది. డాక్టరుగారు గొట్టాన్ని చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకుని, గుంటూరు పోవడానికి సిద్ధమై తలుపు తీశాడు. రాళ్ళు పడతాయనుకున్నాడు. లీడరు ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఒక్కటే సవాల్ అడుగుత. పురుగుకు గుంటూరు పేరు పెడ్తరా ఏంది?"

డాక్టరుగారు జేబులో గొట్టాన్ని తడుముకున్నాడు. "అబ్బే... ఎలుక దొరికిన ఊరి పేరేనయ్యా. అది ఆచారం."

"ఏడ దొరికింది?"

అందరూ నా వైపు తిరిగారు. అల్మాస్‌గూడ దాటి తుర్కయంజాల్ దిక్కు పోయే బండ్లబాట పక్కన ఒక గట్టు ఉండేది. ఏ ఊరిదని అడిగితే రెండూళ్ళ వాళ్ళూ మాదే అనేవాళ్ళు. బొరియకు ఒక నోరు ఇటు, ఒక నోరు అటు. ఆ మాటే చెప్పాను.

"గట్లయితే అల్మాస్‌గూడ పెట్టున్రి" అన్నాడు అల్మాస్‌గూడవాడు. తర్వాత గుంపు వైపు తిరిగి ప్రకటించాడు. "పురుగుకు మన పేరు పడేదాంక గీ ఇంటి మీద ఒక్క రాయి పడొద్దు. సార్ కదలొద్దు, పురుగు చావొద్దు. చస్తే మాత్రం చూస్కుందాం."

ఆ ఎండాకాలమంతా దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దం పగలని ఆంధ్రా ఇల్లు అదొక్కటే. పేరు లేని రోగం పురుగు ఒకటి గుంటూరు డాక్టరును కాపాడింది. కాకపోతే అది బతికున్నంత కాలమే.

ఎండలు ముదిరాయి. కరెంటు పోతే రోజంతా వచ్చేది కాదు. ఆఫీసు గది పొయ్యిలా కాలింది. చేతిలో ఉన్న గొట్టాల్లో వెండి దారాలు ఒక్కొక్కటీ ఆట మానేశాయి. చివరికి ఒక్క గొట్టంలో మిగిలాయి. డాక్టరుగారు విసనకర్రతో గొట్టానికి విసురుతున్నాడు.

"మరీ వేడి పనికిరాదు, మరీ చలీ పనికిరాదోయ్. ఓ మోస్తరు చల్లగా, చీకటిగా ఉండాలి. ఎక్కడ పెట్టను?"

మా ఇంట్లో నీళ్ళకుండ ఒక మూలన తడి ఇసక మీద ఉండేది. మండుటెండలో కూడా ఆ ఇసకలో చెయ్యి పెడితే ప్రాణం లేచొచ్చేది. గొట్టం మూతికి లక్క వేయించి, డబ్బాలో పెట్టి తీసుకుపోయి, ఇసకలో పాతాను. మా ఆవిడకు చెబుదామనే అనుకున్నాను. ఆమె ముందే చూసింది.

"ఏమయ్యా, కుండ కింద గా డబ్బా ఏంది?"

"సైన్సు."

"సక్కగ చెప్పు."

చెప్పాను. చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడింది. "తాగే నీళ్ళ కింద నాట్ల జ్వరం పెట్టినవా! మా చిన్నమ్మ గదే జ్వరంతోని మంచం పట్టి లేవలేదు. ఎర్కనా నీకు?"

ఎర్కే. అందుకే మొదట చెప్పలేదు. ఆమె డబ్బా తీసి కొంగులో చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసుకు నడిచింది. నేను వెనకాల. డాక్టరుగారి ముందు బల్ల మీద పెట్టి అడిగింది.

"సార్, గిది దొరికితే జ్వరం పోతదా?"

డాక్టరుగారు అబద్ధమాడే మనిషి కాదు. "పోదమ్మా. కానీ ఏ రకమో తెలిస్తే, ఆ జ్వరం వచ్చినప్పుడు ఇదేనని గుర్తుపట్టొచ్చు. ఇప్పుడు అది కూడా చేతకావడం లేదు."

ఆమె డబ్బా వైపు చూసింది. "మా చిన్నమ్మకు కామెర్లన్నరు, గాలన్నరు, దిష్టన్నరు. ఏదో తెల్వకనే పోయింది." డబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఉంచుత. నాగ్గూడ ఒక షరతున్నది. మా తుర్కయంజాల్ పేరు పెట్టొద్దు."

"అల్మాస్‌గూడవాళ్ళు ఇప్పటికే అడిగారమ్మా."

"ఆళ్ళకే ఇయ్యున్రి."

అప్పటి నుంచి తాగే నీళ్ళ కుండ ఇంకో మూలకు పోయింది. పురుగుకు పాత కుండ, పాత మూల. ఎండ పెరిగిన రోజు ఆమె ఇసక మీద రెండు చెంబులు ఎక్కువ పోసేది. నేను చెమటతో తడిసి ఇంటికొస్తే, "నీళ్ళు తక్కువున్నయి, పురుగుకు పోసిన" అనేది. డాక్టరుగారు మధ్యమధ్య వచ్చి, గొట్టంలోంచి కొంచెం తీసి కొత్త మేతలోకి మార్చి, మళ్ళీ పాతిపెట్టి పోయేవాడు. ఆయన వస్తే ఆమె పురుగు బాగుందని ముందే చెప్పేసేది, తానే చూసినట్టు.

ఇక దాన్ని పంపాలి. పెద్ద పోస్టాఫీసు చాదర్‌ఘాట్ దాటి ఉంది. దారంతా బంద్. లీడరుకు కబురు పెడితే, పార్సెలుకు బంద్ నుంచి మినహాయింపు ఇచ్చామని చెప్పి, తీరా పొద్దున తన మనుషులందరితో వచ్చాడు. ముందు జెండా. జెండా వెనక సైకిలు మీద నేను, నా ముందు హ్యాండిలుకు కట్టిన చెక్కపెట్టె, దాని చుట్టూ దూది. నా వెనక రిక్షాలో డాక్టరుగారు, తలకు తువ్వాలు చుట్టుకుని. ఆ వెనక జనం.

"మన పురుగు!"

"మన పేరు!"

ఎవరు నేర్పారో తెలియదు గానీ మలక్‌పేట దాటేసరికి రెండు పక్కలా జనం అందుకున్నారు. ఏ పురుగని ఎవరూ అడగలేదు. పోలీసులు ఆపి పెట్టెలో ఏముందన్నారు. నేను రోగమన్నాను. వాళ్ళు దారి ఇచ్చారు. గుంటూరు డాక్టరు బంద్ రోజున, ఉద్యమం మధ్యలో, ఊరేగింపుగా పోస్టాఫీసుకు పోవడం నా కళ్ళతో చూశాను. రిక్షాలో ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏం సార్ అంటే, "నినాదాలివ్వడం అలవాటు లేదోయ్, అయినా అందరూ అంటుంటే ఊరుకోలేకపోయాను" అన్నాడు.

తర్వాత ఎదురుచూపు. వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి, కోతలు వచ్చాయి. రోడ్డు మీద రాళ్ళు పక్కకు జరిగాయి. పిల్లలు కొందరు కాలేజీకి పోయారు, కొందరు జైలుకు పోయి వచ్చారు. లీడరు వారం వారం ఆఫీసు ముందు సైకిలు ఆపి, "ఒచ్చిందా సార్?" అని అడిగి పోయేవాడు.

ఒకరోజు జవాబు వచ్చింది. డాక్టరుగారు చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు. పురుగు బతికే చేరింది. కానీ కొత్తది కాదు. మన దగ్గర లేని ఒక సీరం వాళ్ళ దగ్గర ఉంది, అందులో వేయగానే ముద్ద కట్టింది. ఎప్పుడో, ఏదో దూరపు దీవిలో దొరికిందట. ఆ దీవి పేరే దానికి ఉంది. ఓడల్లో ఎలుకలతో పాటు దేశాలు తిరిగి ఉండొచ్చని వాళ్ళ అభిప్రాయం.

అప్పుడే సైకిలు బెల్లు వినపడింది. డాక్టరుగారు లేచి నిలబడ్డాడు. ఆయన గదిలో పెట్టె ఇంకా సర్దే ఉంది. దాని వైపు ఒకసారి చూసుకున్నాడు.

"ఒచ్చిందా సార్?"

ఆయన ఉత్తరం మడతపెట్టాడు. నేను అందుకున్నాను. "ఒచ్చింది తమ్మీ. మన పురుగు మనది కాదంట. సముద్రం దాటొచ్చిందంట. నాన్ ముల్కీ. ఏమంటవ్, గో బ్యాక్ అందామా?"

వాడు నవ్వలేదు. గడప మీద కూర్చున్నాడు. అన్ని నెలలు కేకలేసినా ఒక్క పేరు కూడా తన ఊరికి రాలేదన్న బాధ వాడి ముఖంలో కనపడింది. నా జోకు నాకే చేదనిపించింది.

"సార్, గది ఈడికొచ్చి ఎన్నేండ్లయి ఉంటది?"

"చెప్పలేం. ఓడల కాలం నాటిదైతే... వందేళ్ళు కావచ్చు. ఎక్కువే కావచ్చు."

"గిక్కడి ఎలుకలల్లనే పుట్టుకుంట, పెరుక్కుంట?"

"అంతే."

వాడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. "పదిహేనేండ్లు ఎప్పుడో దాటింది. ముల్కీనే." సైకిలెక్కి, ఒక కాలు నేల మీద ఆనించి వెనక్కి తిరిగాడు. "మీరొచ్చి ఎన్నేండ్లాయె సార్?"

"పన్నెండు."

"ఇంక మూడేండ్లు జర ఓపిక పట్టున్రి."

ఆ సాయంత్రం డాక్టరుగారు పెట్టెలోంచి బట్టలు తీసి దండెం మీద వేయడం నేను చూశాను. మా ఇంటికి వచ్చి, మా ఆవిడకు జవాబంతా అర్థమయ్యేలా చెప్పి, నాట్ల జ్వరానికి ఇప్పుడొక పేరు దొరికిందమ్మా అన్నాడు. ఆ సీరం కూడా వాళ్ళు పంపుతామన్నారట. ఆమె తల ఊపి, తాగే నీళ్ళ కుండను మళ్ళీ పాత మూలకు జరిపింది.

ఆయన పోయాక నేను మంచం మీద కూర్చుని అన్నాను. "ఈపాలి ఇంకో ఎలుకను పడ్త. నిజంగనే కొత్తది. ఊరి పేరు గీరి పేరు కాదు, పట్టినోని పేరు పెట్టాలె అంట. నా పేరే పెట్టిస్త."

ఆమె చెంబుతో ఇసక మీద నీళ్ళు పోస్తూ వెనక్కి కూడా తిరగలేదు.

"నువ్వేడ పట్టినవయ్యా? కుడుక వాసనకు అదే ఒచ్చి పడ్డది, నువ్వు మోసుకొచ్చినవ్. మోసినోళ్ళ పేర్లు పెట్టుకుంట పోతే లోకంల సగం రోగాలకు గాడిద పేరుండాలె."